అమ్మకు వినపడని ఏడేళ్ళు

హలో… ఆ, అక్కనేరా ఎర్మెక్, ఇంకెవరనుకున్నావ్? బిష్కెక్ నుంచే.

… పంపను. అమ్మను మళ్ళీ మీ ఊరికి పంపనంటే పంపను!

— అమ్మను చూసుకోవాల్సిన చిన్నకొడుకువి నువ్వుండగా కూతురి పంచన చేరిందని నారిన్ ఊరంతా నవ్వుతుందా? నవ్వనీ! పళ్ళు రాలేదాకా నవ్వనీ!

… ఆసుపత్రికి తీసుకెళ్ళా. ఆ… అదే. అల్జీమర్స్.

… వయసు కాదురా! 'వయసైపోయింది, మామూలే' అని మా నోళ్ళు మూయించింది నువ్వేగా! డాక్టరమ్మ మొదట ఏమడిగిందో తెలుసా? ఎప్పట్నుంచి వినపడట్లేదు అని.

… ఏడేళ్ళు.

— అదొక్కటే కారణమని ఆవిడా అనలేదు. బీపీకి మందు లేదు. చెవికి మిషన్ లేదు. చేతికి పని లేదు, నోటికి మాట లేదు. అన్నీ కలిసి తినేసి ఉంటాయంది… మిషన్ కొంటానంటే నువ్వేమన్నావ్? 'విందులో నలుగురి ముందూ పరువేం కావాలి' అన్నావ్. అన్నావా లేదా?

… గౌరవమా? తగలెయ్, నీ గౌరవం! కోడలొచ్చింది కాబట్టి అత్త చెయ్యి కదపకూడదు, అంతేగా? చాయ్ పోసే చోటు నుంచి లేపి పెద్దపీట మీద కూలేశారు. ముప్ఫైమంది విందుకొస్తే ఎవరి చాయ్‌లో ఉప్పు, ఎవరి చాయ్‌లో పాలు, ఎవరి గిన్నె ఎన్నోసారి తిరిగొచ్చింది — అన్నీ ఆ తలలో ఉండేవిరా! ఆ తలకి సెలవిచ్చేశారు మీరు.

— నీ పెళ్ళాం సైకల్‌ను ఏమీ అనట్లేదు. అత్తచేత పని చేయిస్తే ఊరంతా తననే ఆడిపోసుకునేది. నేను మాత్రం? ఏడాదికోసారి వచ్చి, 'అమ్మ ఎంత ప్రశాంతంగా కూర్చుందో' అని మురిసిపోయా. నన్ను చెప్పుతో కొట్టాలి.

… తగ్గదు. పోయింది తిరిగి రాదట. మిగిలింది కాపాడుకోవాలి, అంతే. ఇక్కడ మిషన్ పెట్టుకుంటుంది, మందేసుకుంటుంది, నాకు చాయ్ పోస్తుంది. ఒలకబోస్తే ఒలకబోస్తుంది, నీకేం?

… ఏంటి? అమ్మతోనా? … ఆగు, ఇస్తా. అమ్మా, ఇదిగో, చెవి దగ్గర పెట్టుకో…

…

ఇలా ఇయ్యమ్మా. — విన్నావా? 'ఎవరే ఈ అబ్బాయి, మర్యాదగా మాట్లాడుతున్నాడు' అంటోంది.

… జబ్బు మీద నెట్టకు! ఏడేళ్ళుగా చేత్తో సైగ చేసి తినమన్నావ్, పడుకోమన్నావ్. నీ గొంతు ఎప్పుడు వినిపించావని గుర్తుంటుంది?

… ఏడవకు. ఏడుపూ వినిపిస్తుందిప్పుడు.

… నేను చెప్పను. నువ్వెవరో నువ్వే చెప్పుకో. మెల్లగా… అమ్మా, పట్టుకో.