హీటరు ఆపక్కర్లేని కారు

చలిదేశపు ఊరు బెర్గెన్‌లోని కార్ల షోరూములో ఒక వృద్ధ జంట. ఆయన పదిహేనేళ్ల కిందటే, వీధంతా నవ్వుతుండగా, ఎలక్ట్రిక్ కారు కొన్నవాడు. ఆమె ఇవాళ తనకంటూ ఒకటి చూసుకుంటోంది.

“బ్యాటరీ సంగతి ఒక్కటీ అడగవేం?” అన్నాడాయన.

“హీటరు వేసుకుని వోస్ ఊళ్లో ఉన్న అక్కను చూసి రాగలనా? నాకు అది చాలు.”

“హీటరు ఆపితే బ్యాటరీ మిగిలి ఇంకా దూరం వెళ్లొచ్చు. మనం అలాగే తిరిగాంగా!”

“తిరిగాం, ఒళ్లో దుప్పటి, కాళ్లకు రెండు జతల ఉన్ని మేజోళ్లతో. నీకది సాహసం, మహానుభావా. నాకు చలి.”

“ఒక్కనాడూ అనలేదే?”

“బ్యాటరీలో ఇంకా పది కిలోమీటర్లు మిగిలాయని నువ్వు పసిపిల్లాడిలా మురిసిపోతుంటే ఎలా అనను?”

ఆయన సేల్స్‌మన్‌ను పిలిచాడు.

“బాబూ, నడిపేవాళ్ల సీటు ఎంతసేపట్లో వెచ్చబడుతుందో చూపించు. పక్క సీటు ఎలా ఉన్నా ఫరవాలేదు, అక్కడ కూర్చునేది నేను.”