కడిగిన గుళికలు

బయోగ్యాస్ ప్లాంటు స్టోరు గది. లోపల గడియ. ఫిట్టరు చేతిలో పైపు రెంచి. గోడకు ఆనుకుని అతని అక్క మొగుడు, స్టోరు కీపరు. అతని పెదవి అప్పటికే చిట్లింది.

"నేనే కడిగానన్నానుగా. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"ఎందుకు కడిగావు?"

"ఏదో తోచింది, కడిగాను."

"తోచిందా? పదేళ్లుగా ఈ స్టోరులో ఉన్నావు బావా. ఆ బొగ్గు గుళికల మీద మందు పూత ఉంటుందని, గ్యాసులో విషాన్ని పట్టేది ఆ పూతేనని నీకు తెలీదూ?"

"తెలుసు. మర్చిపోయాను."

"మర్చిపోయావు. పూతంతా నీళ్లలో పోయింది, విషం నేరుగా ఇంజను గదిలోకి పోయింది. అక్కడ నా తమ్ముడు చేపలా గిలగిలా కొట్టుకున్నాడు. చెయ్యి బల్ల మీద పెట్టు."

"ఒరేయ్, నీ అక్క మొగుణ్ణిరా."

"వాడు నా తమ్ముడు. పెట్టు."

"వద్దురా, వద్... అమ్మా!"

"ఒక వేలు. ఇప్పుడు చెప్పు, ఎన్ని బస్తాలు కడిగావు?"

"రెండు. కాదు, మూడు."

"ఏడు. కడిగినవాడికి తెలీదా ఎన్ని కడిగాడో? ఎవణ్ణి వెనకేసుకొస్తున్నావు?"

"ఎవణ్ణీ లేదు. కొట్టు. నీ కసి తీరేదాకా కొట్టు."

"తీరదు. పేరు చెప్పు, వాణ్ణి ఇక్కడే పాతేస్తా."

"అందుకే..."

"అందుకే? అందుకే ఏంటి?"

"ఏం లేదు. ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు."

"కొట్టనీ. రెండో వేలు..."

"తమ్ముడూ, తలుపు తియ్యి. నేనురా, అక్కని."

"ఆస్పత్రి నుంచేనా? చిన్నోడెలా ఉన్నాడక్కా?"

"కళ్లు తెరిచాడు, గండం గడిచినట్టేనన్నారు. ఈ రక్తమేంటి? మీ బావ చెయ్యేంటిరా అలా ఉంది?"

"గుళికలు కడిగినవాడి పేరు చెప్పట్లేదు."

"చిన్నోడు చెప్పాడు. వాడే కడిగాడట. నీతో చెప్పొద్దని స్పృహ తప్పేముందు మీ బావ కాళ్లు పట్టుకున్నాడట."

"వాడా? ఇంజను నడుపుకునేవాడికి గుళికలతో ఏం పని? ఎందుకు కడిగాడు?"

"పోయినసారి ఇంజను ఫిల్టరులో బొగ్గు పొడి చేరిందని వాడి దవడ పగలగొట్టావు. గుళికలకి పొడి లేకపోతే ఈసారి కొట్టవనుకుని కడిగాడట."