మబ్బుగేదెలకు పారిపోవడం నేర్పాను

ముందా తలుపు దగ్గరగా వెయ్యక్కా. నువ్వు తిట్టే తిట్లు నాకు వినబడితే చాలు, హాల్లో కూర్చున్న పెద్దమనిషికి కూడా ఎందుకు?

వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాట, ఆట పాడుచేశావు, ఆట పాడుచేశావు అని. ఆట ఎక్కడ పాడయిందీ? నిక్షేపంగా నడుస్తోంది. ఓడిపోతున్నది ఆయన. ఆయన ఓడిపోవడం, ఆట పాడవడం ఒకటెలా అవుతాయి చెప్పు?

తెలుసులే. మన కంప్యూటరు ఆటని నాలుగు దేశాల్లో అమ్మిపెట్టే మనిషి. ఆయన ఊ అంటేనే ఈ ఆఫీసు ఉంటుంది. లేకపోతే నువ్వు, నేను, బావ, ఆ హాల్లో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న వాళ్ళందరూ తలో దారి పట్టాల్సిందే. తెలియక చేశాననుకుంటున్నావా?

నెమ్మదిగా అద్దంలోంచి చూడు. మౌసుని బల్లకేసి కొడుతున్నాడు. వెనకాల మీ ఆయన నిలబడి నవ్వుతున్నాడు చూశావా, ఆ నవ్వు చాటున పళ్ళు నూరుతున్నాడు. నా కోసమే.

అసలీ జంతువుల గోల మొదలెట్టిందెవరు? ఆయన కాదూ? "చుక్కలున్నాయి, ఓడలున్నాయి, రాజ్యాలకీ రాజ్యాలకీ యుద్ధాలున్నాయి, మధ్యలో అంత ఖాళీ ఏమిటమ్మా? ప్రాణమున్నది ఏదైనా పెట్టండి, వేటాడుకుంటారు" అన్నాడు. నువ్వు మర్నాడే బొమ్మ వేసుకొచ్చావు. కొండంత ఒళ్ళు, మబ్బులాంటి తోలు, లోపల దీపం పెట్టినట్టు వెలుగు. చుక్కల మధ్య దుమ్ము మేసుకుంటూ మందలు మందలుగా తిరుగుతాయన్నావు. మబ్బుగేదెలని పేరు కూడా నువ్వే పెట్టావు. ఓడ పంపి గేదెని కొడితే ఆ వెలుగు ఇంధనం. ఇంధనం ఉన్నవాడి ఓడలే ముందుకు పోతాయి. బొమ్మ నీది, ఆట నియమాలు నావి. మనమిద్దరం ఎప్పుడూ పనిచేసేదలాగే కదా.

అప్పుడు నస ఏమందో గుర్తుందా? పొద్దస్తమానం ఆట ఆడి తప్పులు పట్టడమే ఆవిడ ఉద్యోగం, నస అని పేరు పెట్టి మనమే ఏడిపిస్తాం గానీ, ఆ రోజు అన్నది నిజమే. "మొదలెట్టగానే కనబడ్డ గేదెనల్లా కొట్టేస్తే గెలుపే. ముందు కొట్టినవాడే రాజు. ఇందులో ఆలోచించేదేముంది, ఇది ఎత్తుకి పైఎత్తు వేసే ఆటా, కబేళానా?" అంది.

దానికి బావ కనిపెట్టిన మందు ఏమిటి? దూడలు. చిన్నవి, చురుకైనవి, పట్టుకోవడం కష్టం, అందుకని దూడకి రెట్టింపు ఇంధనం. ఆట రక్తి కడుతుందన్నాడు. నువ్వు తలూపి దూడని గీశావు. తల్లి పొట్ట కింద నక్కి నడిచే దూడ.

అంత బాగా ఎందుకు గీశావక్కా?

నస మొదటిసారి దాన్ని కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఏడవలేదు, ఆవిడ ఏడిచే రకం కాదు. తర్వాత వారమంతా కొట్టకుండా ఆడి చూసింది. ఆడిన ప్రతిసారీ ఓడిపోయింది. చివరికి నా కుర్చీ దగ్గరికొచ్చి, "కొట్టకుండా గెలిచే దారి ఇందులో లేదు. మీరు పెట్టలేదు" అంది. కోపంగా కూడా అనలేదు. కుళాయిలో నీళ్ళు రావట్లేదని చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది.

కంచం ముందు కూర్చున్నా నా చెవిలో అదే మాట. పక్క మీద వాలినా అదే మాట.

నీతో చెప్పలేదనకు. లిఫ్టులో చెప్పాను. నువ్వు ఫోనులోంచి తల ఎత్తకుండా "మీ బావనడుగు" అన్నావు. బావనడిగితే "మీ అక్కనడుగు" అన్నాడు. ఆలుమగలిద్దరూ నన్ను బంతిని చేసి ఆడుకున్నారు. ఇంక ఎవర్నీ అడగలేదు.

గేదెలకి జ్ఞాపకం పెట్టాను. అంతే నేను చేసింది. ఏ రాజ్యం ఓడలు కొడితే ఆ ఓడల రంగు అవి మర్చిపోవు. మళ్ళీ ఆ రంగు కనబడితే దూరం జరుగుతాయి. దూడని కొట్టావో, మందకి మంద నీ రాజ్యం వదిలి వెళ్ళిపోతుంది. ఇంక నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా రాదు. కొట్టకుండా వెంట నడిచావనుకో, పాము కుబుసం విడిచినట్టు అవి పొరలు విడుస్తూ పోతాయి. అందులోనూ వెలుగుంటుంది. కాస్తే. ఓపిక ఉన్నవాడికి ఆ కాస్త చాలు.

మరి ఆయనేం చేశాడు? కూర్చున్నాడో లేదో, దూడల వెంట పడ్డాడు. బావ పక్కనుంచి "భలే కొట్టారు సార్" అని తాళం. ఇప్పుడు ఆయన ఆకాశంలో ఒక్క గేదె లేదు. ఓడలన్నీ ఎక్కడివక్కడ చచ్చుబడిపోయాయి. అవతలి రాజ్యం, మన కంప్యూటరు ఆడించేది, మంద వెనకాలే తాపీగా నడుచుకుంటూ వచ్చి ఆయన గుమ్మంలో నిలబడింది.

ముందే చెప్పాల్సిందంటావా? చెబితే పెట్టనిచ్చేదానివా?

నా మొహం చూసి చెప్పు.

అదిగో, మొహం తిప్పేసుకున్నావు.

పాత ఆటా? ఉంది. చెరపలేదు. కిటికీ పక్క కంప్యూటర్లో ఉంది, నువ్వు సరేనన్నదే, దూడకి రెట్టింపుతో. వెళ్ళి "చిన్న పొరపాటు జరిగింది సార్, ఇలా కూర్చోండి" అను చాలు. గెలుస్తాడు. గెలిచినవాడు సంతోషంగా సంతకం పెడతాడు. నేను అడ్డం రాను. మా చెల్లెలికి మతి లేదని చెప్పు, నేను పక్కన నిలబడి తలూపుతాను.

కదలవేం మరి?

అలా చూడకక్కా. నీ దూడ మీద జాలితో చేశాననుకుంటున్నావు. నస కూడా అలాగే అనుకుంది. పొద్దున కొత్తది ఆడి చూసి నా భుజం తట్టి వెళ్ళింది. నాకు నేల చీలితే బావుణ్ణనిపించింది.

మీరంతా భోజనాలకి వెళ్ళినప్పుడు నేను వెనక ఉండిపోతాను చూశావూ? పనుందని అంటాను. పనేం లేదు. ఆడతాను. మొదట్లో పాతది, ఇప్పుడు ఈ కొత్తది. కుబుసాల దారి పెట్టింది నేనే కదా, ఎలా గెలవాలో నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అయినా కూర్చోగానే నా చెయ్యి దూడ మీదికే పోతుంది. తల్లి కింద నక్కుతుందే, సరిగ్గా అక్కడే కొడతాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, హాయిగా ఉంటుందక్కా. ఒళ్ళంతా హాయిగా ఉంటుంది. నస చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను మళ్ళీ మౌసు మీద పెడతాను.

ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా వాటి వెంట నడవలేదు.

జాలి ఉన్నదాన్నయితే నేనే ఆగిపోయేదాన్ని. ఆగలేకపోయాను. అందుకని వాటికి పారిపోవడం నేర్పాను.

ఉండు, బావ తలుపు కొడుతున్నాడు. ఏమిటట? ఆయన మళ్ళీ మొదట్నుంచి ఆడతాడటా? ఇదే ఆటా? పాతది అడగలేదూ?

ఇలా రా, చూడు. మొదటి ఓడ తీశాడు. సంతకం పెడతాడో, మనందర్నీ ఇళ్ళకి పంపిస్తాడో నాకు తెలీదు. ఓడ ఎటు పోతోందో చూశావా?

దూడల మీదికే.

పోనీలే. నేనైనా అటే పంపేదాన్ని.