వేగంగా తిరిగిన క్యాసెట్

సౌదీలో జుబైల్ నుంచి దమ్మామ్ వెళ్లే రోడ్డు మీద కారు నడుపుతున్నతను హైదరాబాద్‌లో కాలేజీ బ్యాండులో గిటార్ వాయించేవాడు, ఇప్పుడూ వాయిస్తాడు. పక్కన కూర్చున్నతను ఆ బ్యాండులోనే పాడేవాడు. ఒక రాక్ పాట దగ్గర పాడటం మానేశాడు. ఇప్పుడు కారులో వస్తున్నది ఆ పాటే.

“ఇదేందిరా, ఇంత నిదానంగున్నది? పాత రికార్డు సాఫ్ చేస్తమని ఖరాబ్ చేసిన్రు,” అన్నాడు పక్కనతను.

“ఖరాబున్నది మన కాలేజీ క్యాసెట్. దుకాన్ల కాపీ చేసేటప్పుడు రికార్డు జోరుగ తిరిగింది, గొంతు పైకి పోయింది. ఒరిజినల్ ఇదే.”

“చల్. క్యాసెట్ల ఆ గుయ్యిమనే చప్పుడంటే సరే, గొంతు గూడ మారుతదా?”

“మారుతది. నిన్న గిటార్ పట్టుకొని చూసిన. మనం నేర్చుకున్నదానికన్న ఒక శ్రుతి కిందున్నది.”

ఆ పాటలోని పై స్వరం దగ్గరే కాలేజీ స్టేజీ మీద పక్కనున్నతని గొంతు కీచుమంది. హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఇంట్లో కూడా పాడలేదు.

“అంటే, ఆ పాడినోడు గూడ అంత పైకి పోలేదా?”

“పోలే. నువ్వొక్కనివే పోవాలని చూసినవ్.”

“నాకు గొంతే లేదనుకున్న గదరా, ఇన్నేండ్లు.”

“అందుకే చెప్తున్న. శుక్రవారం కంపెనీ ప్రోగ్రాంల పాడు.”

“పాగల్‌గానివా? నేను పాడుతనని నా బిడ్డకే తెల్వది.”

“సరే, బంద్ చేస్త.”

“ఉండనియ్. మొదటి నుంచి పెట్టు. ఏసీ తగ్గించు.”

పాట మళ్లీ మొదలైంది. పై స్వరం వచ్చే ముందు అతను ఊపిరి తీసుకున్నాడు.

“నా మొకం చూడకురా. రోడ్డు చూడు.”