మైపాడు ఇసుకపై నాలుగో చుట్టు

శ్రీ షేక్ కరీముల్లా గారు మన మోటారు సర్వీసులో డ్రైవరుగా చేరినది 1957 జూన్ మూడవ తేదీ, సోమవారం. ఆ ఉదయమే నెల్లూరు–మైపాడు బస్సును వారి చేతికిచ్చి, కండక్టరుగా నన్ను వెంట పంపినారు. కొడవలూరు దగ్గర పల్లెబడిలో అయిదవ తరగతితో చదువు ముగించిన నాకు వ్యాసరచన అలవాటు లేదు. మాట్లాడటం అంతకన్నా లేదు. అయినా పన్నెండేండ్లు వారి సీటు వెనుక నిలిచినవాడిని గనుక, వారి విరమణకు వెలువడే ఈ సంచికకు నన్నే వ్రాయమన్నారు.

వారు తోలే బస్సులో నిండు చెంబు పెట్టినా తొణికేది కాదు. మైపాడు నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవారు ఒక్క నిమిషం ఆలస్యమైతే, హారను కొట్టక, ఇంజను ఆపి వేచి ఉండేవారు. పల్లెలో పెద్ద నోరుగల నాగులమ్మ సైతం వారిని "కరీమన్నా" అనే పిలిచేది.

ఇక యావన్మందీ ఎరిగిన కీర్తి మైపాడు ఇసుక మీది కార్ల పందెం. ఫాల్గుణ పౌర్ణమి మరునాడు, సముద్రం వెనక్కు తీసి తడి ఇసుక గట్టిపడిన వేళ, రెండు మైళ్ల దూరాన పాతిన గుంజను చుట్టి తిరిగి పందిరి దగ్గరకు రావడం ఒక చుట్టు, అట్టివి మూడు. ముందురోజు సాయంత్రం కరీముల్లా గారు చెప్పులు విడిచి, మడమతో ఇసుకను నొక్కి చూస్తూ ఆ దారంతా నడిచేవారు. మన యజమాని పద్మనాభయ్య గారి పాత కారుతో 1959 మొదలు నాలుగేండ్లు వరుసగా కప్పు గెలిచినారు. ఆ దినాల్లో బస్టాండులో వారు టీ తాగిన గ్లాసు కోసం క్లీనర్లు పోట్లాడుకొనేవారు.

1963లో ఓడినారు. ముందు పోతూ పోతూ, నాలుగో చుట్టులో కారును పొడి ఇసుకలోకి దింపుకొన్నారు. వారి విరమణ వార్త తెలిసిన నాటినుంచి మన షెడ్డులో మళ్లీ ఆ మాటే.

"అంత తోలినోడికి పొడి ఇసక కనపళ్లేదా? అమ్ముకున్నాడబ్బా పందేన్ని," అంటాడు బుకింగు గుమాస్తా కామాక్షయ్య.

"నోరు కడుక్కోన్నా! ఆయన అమ్ముకోవాలంటే నాలుగు కప్పులుండాయి గదా ఇంట్లో," అంటాడు మెకానిక్కు హనీఫా.

"అయితే భయపడినాడు. వయసైపోయింది," అంటాడు మళ్లీ కామాక్షయ్య.

ఆరేండ్లుగా ఈ వాదం వింటూ నేను టిక్కెట్ల పుస్తకం చూసుకుంటూ కూర్చున్నాను. అది తప్పు.

ఆ సంవత్సరం పందేన్ని మూడు చుట్ల నుంచి అయిదుకు పెంచినారు. ఆ సంగతి పల్లెలో చెప్పి రమ్మని యజమాని గారు నాకు పురమాయించినారు. నేను మరచినాను. మూడు చుట్లు లెక్కబెట్టుకొని, పందెం ముగిసిందనుకొని, అప్పుడే నీళ్లమీద కవళ్ల చేపల మంద కనబడగా పల్లెవారు పెద్దవల వేసినారు. గుంజ దగ్గర కాపలా ఉన్న నేను వెనుదిరిగి చూసేసరికి, సముద్రం నుంచి గట్టు దాకా నడుమెత్తున వల మోకు బిగిసి ఉన్నది; పదకొండు మంది దాన్ని లాగుతున్నారు. కారు వస్తున్నది.

కరీముల్లా గారు చక్రం ఒక్కసారి గట్టు వైపు తిప్పినారు. కారు మోకుకు ఇవతలే పొడి ఇసుకలో ఇరుసు దాకా దిగబడింది. లాగేవారు మోకును నేలకు జారవిడిచినారు. వెనుక కారు దానిమీదుగా సాగిపోయింది.

"మూడు సుట్లే గదన్నా! అయిదని మాకెవురు సెప్పినారు?" అని నాగులమ్మ ఏడ్చింది.

వారు నావైపు చూసినారు. నా ముఖమే చెప్పి ఉంటుంది. "ఇంక వల లాక్కోండమ్మా, చేప పోతాది," అన్నారు. పందిరి దగ్గర యజమాని గారు నిలదీయగా, "ఇసక అంచనా తప్పినానయ్యా," అన్నారు. పల్లెవారి మీదికి మాట రాకూడదనీ, నా కొలువు పోకూడదనీ అట్లా చెప్పినారు. ఆ మీదట వారికెవరూ పందెం కారు ఇవ్వలేదు. వారు అడగనూ లేదు.

ఈ వ్యాసం అచ్చుకిచ్చే ముందు వారికి చదివి వినిపించినాను. వారి భార్య లాల్‌బీ గారు గడపలో నిలబడి విని కొంగుతో కళ్లొత్తుకొన్నారు.

"ఇప్పుడెందుకు చెంచురామయ్యా ఇదంతా? ఆ వారమంతా మైపాడుకు బస్సు తోలింది నేను గాదా? నేనైనా చెప్పొచ్చు గదా పల్లెలో? అదీ రాయి," అన్నారు కరీముల్లా గారు.

వారి మాట కాదనలేక వ్రాసినాను. పని ఎవరికి అప్పగించినారో చదివేవారికి తెలుసును.

మే 31న జరిగే వీడ్కోలు సభకు మైపాడు నుంచి పొద్దుటి బస్సులో నాగులమ్మ, ఆమెతో ఆనాడు మోకు పట్టిన తక్కిన పదిమంది వస్తున్నారు. పదకొండు మందీ ఆరోగ్యంగా ఉన్నారు. కొందరు మనుమలను కూడా ఎత్తుకొని వస్తామని కబురంపినారు. శ్రీ కరీముల్లా గారు లాల్‌బీ గారితో కూడి, వారందరివలెనే కాలూ చేయీ చక్కగా ఆడుతూ, కంటిచూపు తగ్గక, ఇంకా ఎన్నో ఫాల్గుణాలు చూడవలెనని మనసారా ప్రార్థిస్తున్నాను.

– చెంచురామయ్య, కండక్టరు