మూడో పిలుపు

పొద్దు వాలాక ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఎన్నో పిలుపుకి పలకాలర్రా? ఆఁ, మూడో పిలుపుకి. ఎందుకట? దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది, మూడోసారి పిలిచే శక్తి దానికి లేదు, అందుకని. మీ అమ్మకి ఇది నేనే చెప్పాను, నాకు మా నాయనమ్మ చెప్పింది. మరి ఇంత తెలిసినవాళ్ళం, జీడితోటల అవతల చింతచెట్టు కింద ఉన్న ఆ నూతి వైపు పట్టపగలు కూడా ఎందుకు వెళ్ళం? చెబుతాను, ఆ గోంగూర కట్ట ఇలా జరపండి, ఒలుచుకుంటూ చెబుతాను.

ఆ నూతికి గట్టు లేదు. వారసులు కోర్టుకెక్కిన భూమి అది, పూడ్చనివ్వరు, గట్టు కట్టనివ్వరు. చుట్టూ తుప్పలు పెరిగి, అంచుదాకా వెళితేగాని అక్కడ నుయ్యి ఉందని తెలీదు. మన ఊళ్ళో కరెంటు పనులు చేసే గవర్రాజు ఉండేవాడు, అతనికి ఆ నుయ్యంటే గుండె దడ. తన కోసం కాదు, తల్లి పైడమ్మ కోసం. ఆవిడ మేకలు కాసేది, రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మేశాయి, పొద్దు వాలిందంటే మనిషికీ మానుకీ తేడా తెలిసేది కాదు. ఆపరేషన్ చేయిస్తానంటే, ఈ ఈతలు కానీరా, తర్వాత చూద్దాం అనేది, మేకలమ్మేద్దామంటే నన్ను కూడా సంతకి తోలెయ్యి అనేది. ఆవిడ దారి ఆ నూతి పక్కనుంచే. కంచె వేయొచ్చు కదా అంటారా? వేశాడు, వారసుల్లో ఒకడు మర్నాడే పీకి పారేశాడు.

అప్పుడు గవర్రాజు పట్నం వెళ్ళి ఒక మాట్లాడే పెట్టె తెచ్చాడు. అదేం చేస్తుందో వినండి, తొందరపడొద్దు. దానికి గుడ్డు పెంకంత తెల్లటి కన్ను ఉంటుంది, ఆ కన్ను మన రూపం చూడదు, ఒంటి వేడి కదిలితే పసిగడుతుంది. మనిషి ఎదురుగా కదిలాడనుకోండి, కన్ను లోపలి పలకకి కబురందిస్తుంది, ఆ పలకలో ముందే పట్టి ఉంచిన మాట మైకులోంచి బయటికొస్తుంది. అంతే, అందులో మాయేం లేదు. మాయ లేని వస్తువని మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

గొంతు ఎవరిది పెట్టాలి? పైడమ్మదే. తోట ఆ చివర్నుంచి పిలిస్తే ఈ చివర మేక తలెత్తేది, అలాంటి గొంతు. వీధరుగు మీద కూర్చోబెట్టి, నేను బొత్తాం నొక్కగానే చెప్పమ్మా అన్నాడు. ఆవిడ, ఓ బాబూ, ఓ బాబూ, ఓ బాబూ అని సాగదీసి మూడుసార్లు పిలిచి, అటెళ్ళకు నుయ్యుంది అని చెప్పబోయేసరికి పలక ఆగిపోయింది. అందులో పట్టేది పది సెకన్ల మాటే. మళ్ళీ పట్టాడు, మళ్ళీ అంతే. కురచగా పిలవమంటే ఆవిడకి రాదు, జన్మంతా మేకల్ని పిలిచిన గొంతు కదా. అవతల పెళ్ళి పందిట్లో దీపాల తోరణాలు కట్టాలని గవర్రాజుకి మనిషి మీద మనిషి వస్తున్నాడు. రెండు పిలుపులు చాల్లే అని, రెండింటితోనే నుయ్యుందన్న మాట దాకా పట్టాడు. అప్పుడు పైడమ్మ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

"రెండుసార్లు పిలిచేది మనిషి కాదురా. మూడోది కూడా పెట్టు."

సరేనని ఆవిడని లోపలికి పంపాడు, పంపి, రెండు పిలుపులున్నదే ఉంచేశాడు. మర్నాడు నిచ్చెన వేసుకుని చింతచెట్టు మొదటి కొమ్మకి పెట్టె బిగించాడు, ఎర్ర తీగ బ్యాటరీకి ఇటు, నల్ల తీగ అటు, మైకు తీగలు వేరే, వాన నీళ్ళు దిగకుండా సైకిలు ట్యూబు చుట్టాడు. చెట్టుకి కట్టింది భూమి మీద లేదు కదా, వారసులు కూడా నోరెత్తలేదు. అయితే మేకలకీ ఒంట్లో వేడే కాబట్టి ఎక్కడ ఏ మేక మెసిలినా పెట్టె అరిచి బ్యాటరీ అయిపోయేది, అందుకని కన్ను పక్కనున్న మర తిప్పి, దారి వదిలి బాగా దగ్గరికొస్తేనే పలికేటట్టు తగ్గించాడు. ఇంటికొచ్చాక తల్లి అడిగింది, మూడూ పెట్టీసేవా అని.

"పెట్టీసానమ్మా," అన్నాడు.

ఆ ఒక్క మాటే, అర్రా.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం చూలు మేక ఒకటి తప్పిపోయింది, పైడమ్మ దాని వెనకాల వెళ్ళింది. అవతలి పొలం గట్టు మీద పుల్లలు ఏరుకుంటున్న సూరీడమ్మ చూసింది, గవర్రాజుకి ఆవిడే చెప్పింది. పెట్టె పిలిచిందట, ఓ బాబూ అని, మళ్ళీ ఓ బాబూ అని. పైడమ్మ ఆగి, మూడో పిలుపు కోసం చెవి ఒగ్గి నిలబడిందట. అది రాలేదు, అటెళ్ళకు నుయ్యుంది అన్న మాటే వచ్చింది. తన కొడుకు పెట్టిన పెట్టె అయితే మూడుసార్లు పిలవాలి కదా, మరి ఇది పెట్టె కాదు, దారి మళ్ళించే దెయ్యం, దాని మాట వినకూడదు అనుకుంది. తన గొంతు తనకి బయటనుంచి వినిపిస్తే ఎవరు పోల్చుకుంటారు? ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు ఏం చేయమన్నారు? చెవులు మూసుకుని, వెనక్కి చూడకుండా ముందుకి నడిచిపొమ్మన్నారు. ఆవిడ కొంగు చెవులకి అదుముకుని గబగబా ముందుకే నడిచింది. సూరీడమ్మ కేక పెట్టింది కానీ, మూసుకున్న చెవులకి ఏం వినబడుతుంది?

దినాలయ్యాక గవర్రాజు పెట్టె విప్పేద్దామని నిచ్చెన తీసుకుని వెళ్ళాడు. దగ్గరికి రాగానే పెట్టె రెండుసార్లు పిలిచింది, నుయ్యుందని చెప్పింది. అతను ఏడుస్తూనే ఎర్ర తీగ లాగేశాడు, బ్యాటరీ సంచీలో వేసుకున్నాడు, పెట్టె చల్లగా చేతిలో ఉంది. నిచ్చెన దిగుతుంటే పిలుపు వచ్చింది. పైనుంచి కాదు, కిందనుంచి. ఓ బాబూ. ఓ బాబూ. కాస్త ఆగి, ఓ బాబూ.

మూడోది పలకలో లేదని అతనికి తెలుసు, పట్టింది అతనే కదా.

మూడో పిలుపుకి పలకాలనే కదా మనమంతా నేర్చుకున్నది? అతనూ పలికాడు, ఆఁ అమ్మా అని. ఆ రోజుకి ఇల్లు చేరాడు. ఆ తర్వాత దీపాలవేళ అయ్యేసరికి అన్నం ముందు కూర్చున్నవాడు కూడా లేచి నిలబడేవాడు, భార్య కనకం గుమ్మానికి అడ్డంగా కూర్చుని, అక్కడ నీకెవరూ లేరు, నేనున్నాను, తిను అనేది. నాలుగు ముద్దలు తినేవాడు. ఒకరోజు ఆవిడ పొంగుతున్న గంజి వార్చడానికి లోపలికి వెళ్ళింది. వచ్చేసరికి గుమ్మం ఖాళీ. నూతి అంచున అతని సంచీ దొరికింది, దాంట్లో పెట్టె, తీగలు చక్కగా చుట్టచుట్టి ఉన్నాయి.

తల్లి కొడుకుని లాక్కుంటుందా అని అడుగుతారు మీరు. లాక్కోదు. అది పైడమ్మ అని నేను అనుకోను. ఆ పెట్టె వచ్చిపోయే ప్రతి ప్రాణినీ ఆవిడ గొంతుతో పిలిచింది కదా, నుయ్యి కిందనుంచి రోజూ వింది, నేర్చుకుంది. మరి మూడో పిలుపు ఎక్కడ నేర్చుకుందంటారా? పడ్డాక ఆవిడ ఎవర్ని పిలిచి ఉంటుంది, ఎన్నిసార్లు పిలిచి ఉంటుంది, మీరే ఆలోచించుకోండి.

కాబట్టి అటు వెళ్ళకండి. లెక్కపెట్టుకుని బతికేయొచ్చనుకోకండి, ఆ నూతికి మూడు వచ్చు. ఇదిగో, సగం కట్ట ఇంకా అలాగే ఉంది, పొయ్యి దగ్గర కూర్చుని ఒలిచేస్తాను. కాసేపాగి వంటింట్లోంచి అన్నానికి పిలుస్తాను. ఎన్నిసార్లు పిలిచినా సరే, వచ్చి నా ముఖం చూశాకే పలకండి.