కాటా గది లైను

కృష్ణపట్నం రేవు ఆఫీసులో ఉషారాణి, ఏయే కంప్యూటర్లకు దారివ్వాలో నెట్‌వర్క్ స్విచ్‌లో రాసి, లారీల కాటా గదిలో ఒక్కడే కూర్చునే పెంచలయ్యకు ఫోన్ చేసింది.

“అన్నా, మీ ఐపీ అడ్రసు చేర్చినా. సర్వరు తెరుచుకునిందా?”

“లేదమ్మా.”

ఆమె రాసిన వరుసలు మళ్లీ సరిచూసింది. “ఇప్పుడు?”

“ఇంకా రాలా. నువ్వు లైన్లోనే ఉండు తల్లీ.”

ఆమె తెరమీద మాత్రం ఆయన కంప్యూటర్ ఎప్పుడో సర్వరులోకి వచ్చేసినట్టు కనిపిస్తూనే ఉంది.

“అన్నా, అక్కడ మీతో ఇంకెవురూ లేరా?”

“వానకి లారీలు రాలా. పొద్దున్నించి నా గొంతు విన్నది నువ్వేనమ్మా.”

ఏసీ హోరు తప్ప ఉషారాణి గదిలోనూ ఏ మాటా లేదు. ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుంది.

“సరే అన్నా, ఇంకోసారి చూస్తా. మధ్యాన్నం ఏం తిన్నారు?”